జీతంలో ‘సేఫ్టీ చార్జీలు’ కోయవచ్చా? ఫీజు కట్టే కంపెనీపై ఇన్‌స్పెక్టర్ చర్య తీసుకుంటారా?

ప్రశ్న: మాది రణస్థలం మండలం. పైడిభీమవరం పారిశ్రామిక వాడలోని ఒక కెమికల్ ఫ్యాక్టరీలో కాంట్రాక్టర్ కింద హెల్పర్‌గా పనిచేస్తున్నాను. పద్నాలుగు నెలలుగా నా జీతంలో నెలకు 350 రూపాయలు ‘సేఫ్టీ చార్జీలు’ అని కట్ చేస్తున్నారు. మా కాంట్రాక్టర్ కింద ఉన్న 180 మందికీ ఇదే పరిస్థితి. అడిగితే హెల్మెట్, బూట్లు, మాస్కు, ఏడాదికోసారి మెడికల్ టెస్టు, ప్రభుత్వానికి కట్టే లైసెన్స్ ఫీజు, ఇన్‌స్పెక్షన్ ఖర్చులు అన్నీ అందులోనే అన్నారు. ‘ప్రభుత్వమే మా దగ్గర వసూలు చేస్తోంది, మేం ఎక్కణ్ణుంచి తేవాలి’ అంటున్నాడు సూపర్‌వైజర్. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదు చేద్దామంటే, కంపెనీలు కట్టే ఫీజుల్లోంచే ఆయనకు జీతం వస్తుంది, మన మాట వినడు అని తోటివాళ్లు అంటున్నారు. ఈ కోత న్యాయమేనా? మా డబ్బు వెనక్కి వస్తుందా?

జవాబు: ఆ కోత చెల్లదు. అందులో హెల్మెట్ వాటా ఎంత, టెస్టు వాటా ఎంత, లైసెన్స్ వాటా ఎంత అని విడదీసి చూసినా ఏ ముక్కా చెల్లదు. డబ్బు వెనక్కి రాబట్టుకునే దారి ఉంది. ఇన్‌స్పెక్టర్ జీతం గురించి మీవాళ్లు అనుకుంటున్నది కూడా నిజం కాదు. ఈ అపోహ వల్ల చాలామంది ఫిర్యాదు దాకా వెళ్లకుండానే ఆగిపోతున్నారు కాబట్టి దాని గురించి కాస్త వివరంగా చెబుతాను.

ముందు కోత సంగతి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 114వ సెక్షన్ ఉండేది. చట్టప్రకారం యాజమాన్యం కల్పించాల్సిన ఏర్పాట్లకు, ఇవ్వాల్సిన పరికరాలకు కార్మికుడి నుంచి ఎలాంటి ఫీజూ చార్జీ తీసుకోకూడదని ఆ సెక్షన్ చెప్పింది. క్యాంటీన్ తిండికి మాత్రమే మినహాయింపు. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020 వచ్చింది. 2025 నవంబర్ 21 నుంచి అది అమల్లో ఉంది. కొత్త చట్టం వచ్చింది కదా, పాత రూల్ పోయింది అని మీ కాంట్రాక్టర్ అనవచ్చు. నిజానికి ఈ విషయంలో కొత్తదే గట్టిగా ఉంది. పనిచోట భద్రత కోసం, ఆరోగ్యం కోసం చేసిన దేనికీ, ఇచ్చిన దేనికీ ఏ ఉద్యోగి మీదా చార్జీ వేయకూడదని 6వ సెక్షన్ యజమానిని ఆదేశిస్తోంది. వృత్తి వల్ల వచ్చే జబ్బులను కనిపెట్టడానికి చేసే వైద్య పరీక్షలు కూడా ఇందులోకే వస్తాయని ఆ సెక్షన్‌లోనే రాసి ఉంది. అంటే హెల్మెట్, బూట్లు, మాస్కుతో పాటు మీ మెడికల్ టెస్టు కూడా ఉచితంగానే జరగాలి.

ఆ టెస్టు గురించి ఇంకొక మాట. సాల్వెంట్ల మధ్య, యాసిడ్ల మధ్య పనిచేసేవారికి ఆ పరీక్ష ఎంతో అవసరం. పరీక్ష చేయించి రిపోర్టు చేతికివ్వని చోట్లు నాకు తెలుసు. అడిగి కాపీ తీసుకోండి. ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో 1995లో సుప్రీంకోర్టు, కార్మికుడి ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఆ పరిశ్రమలోని కార్మికుల ఆరోగ్య రికార్డులను కనీసం 40 ఏళ్లు భద్రపరచాలని ఆదేశించింది. ఊపిరితిత్తుల జబ్బు, కాలేయం జబ్బు ఎన్నో ఏళ్లకు బయటపడతాయి. అప్పుడు నష్టపరిహారం అడగాలంటే ఈనాటి రిపోర్టే ఆధారం.

రెండో చట్టం వేతనాల కోడ్, 2019. జీతంలోంచి ఏమేమి కోయవచ్చో 18వ సెక్షన్‌లో జాబితా ఉంది. ఆ జాబితాలో లేనిది కోయడానికి వీల్లేదు. పీఎఫ్ వాటా, ఈఎస్ఐ కింద మీ జీతంలో 0.75 శాతం, వృత్తి పన్ను, తీసుకున్న అడ్వాన్సు, రాని రోజుల జీతం వంటివి కోయవచ్చు. స్లిప్‌లో వీటిని చూసి కంగారు పడకండి. ‘సేఫ్టీ చార్జీలు’ అనే పద్దు మాత్రం ఆ జాబితాలో లేదు. యజమాని కల్పించే సౌకర్యాలకు, సేవలకు కోత పెట్టవచ్చన్న క్లాజు ఒకటుంది, కాంట్రాక్టర్లు తరచు దాన్ని పట్టుకుంటారు. దానికి కూడా ప్రభుత్వ అనుమతి ఉండాలి. పైగా ఉద్యోగానికి కావలసిన పనిముట్లు ఇవ్వడం ఆ సౌకర్యాల కిందికి రాదని చట్టంలోనే వివరణ ఉంది. రియాక్టర్ దగ్గర పనిచేసేవాడికి మాస్కు సౌకర్యం ఎలా అవుతుంది?

ఒక చిన్న మినహాయింపు చెప్పకపోతే మీకు తర్వాత ఇబ్బంది. మీకు అప్పగించిన వస్తువును మీ నిర్లక్ష్యం వల్లే పోగొట్టారని తేలితే, ఆ నష్టం మేరకు కోయవచ్చు. అయితే ముందు మీకు సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. పోగొట్టిన ఒక జత బూట్ల ఖరీదు అడగడం వేరు, 180 మందికీ నెల నెలా 350 కోయడం వేరు.

ఇక లైసెన్స్ ఫీజు. ఫ్యాక్టరీకి లైసెన్స్ తీసుకోవడం, రెన్యూవల్ చేయించుకోవడం, ఫీజు కట్టడం ఆక్యుపైయర్ బాధ్యత. అంటే ఫ్యాక్టరీ వ్యవహారాల మీద అంతిమ అధికారం ఉన్న వ్యక్తిది. ఆ ఫీజును కార్మికుల నుంచి రాబట్టుకోవచ్చని పాత చట్టంలో లేదు, కొత్త కోడ్‌లో లేదు, రాష్ట్ర ఫ్యాక్టరీల రూల్స్‌లోనూ లేదు. సాధారణంగా ఈ ఫీజును ఫ్యాక్టరీలో వాడే హార్స్‌పవర్‌ను, కార్మికుల సంఖ్యను బట్టి లెక్కగడతారు. మీ సంఖ్య లెక్కలోకి వస్తుంది కాబట్టి మీ తలకింత అని సూపర్‌వైజర్ వాదిస్తే నమ్మకండి. మిషన్ల హార్స్‌పవర్ కూడా లెక్కలోకి వస్తుంది, కానీ మిషన్ల దగ్గర ఎవరూ వసూలు చేయరు కదా.

ఒక లెక్క వేసి చూడండి. నెలకు 350 చొప్పున 180 మంది నుంచి 63,000 రూపాయలు వస్తాయి. ఏడాదికి 7,56,000. ఇందులో ప్రభుత్వానికి నిజంగా ఎంత కట్టారో తెలుసుకునే హక్కు మీకుంది. సమాచార హక్కు చట్టం కింద ఫ్యాక్టరీల శాఖ జిల్లా కార్యాలయంలో 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. గత మూడేళ్లలో ఫలానా ఫ్యాక్టరీ లైసెన్స్ ఫీజుగా ఎంత చెల్లించింది, ఏ తేదీన, ఏ చలానా మీద అని అడగండి. తెల్లకార్డు ఉన్నవారు దాని కాపీ జత చేస్తే ఫీజు కూడా అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

‘ఇన్‌స్పెక్షన్ ఖర్చులు’ అన్న మాట విని నాకు ఎక్కువ బాధ కలిగింది. తనిఖీకి వచ్చిన అధికారికి అక్కడికక్కడ చెల్లించాల్సిన రుసుము ఏదీ ఫ్యాక్టరీల చట్టంలో లేదు. కారు అద్దె గానీ భోజనం ఖర్చు గానీ కంపెనీ నెత్తిన పడదు, అవి ప్రభుత్వం ఇస్తుంది. చట్టప్రకారం కట్టే ప్రతి ఫీజూ చలానా ద్వారా ఖజానాకు వెళుతుంది, దానికి రసీదు ఉంటుంది. రసీదు లేని ఖర్చు ఏదైనా అక్కడ జరుగుతుంటే అది లంచం. 2018 సవరణ తర్వాత అవినీతి నిరోధక చట్టం కింద లంచం ఇచ్చినవాడూ నేరస్థుడే. ఒత్తిడి చేసి తీసుకుంటే, ఏడు రోజుల్లోగా అధికారులకు చెప్పినవాడికే రక్షణ. ఈ మాట మీ సూపర్‌వైజర్‌కు తెలిస్తే ఆ పద్దు పేరు ఎత్తడం ఆయనే మానేస్తాడు.

ఇప్పుడు అసలు భయం దగ్గరికి వద్దాం. ఇన్‌స్పెక్టర్ జీతం ఎవరిస్తారు?

రాజ్యాంగం 266వ అధికరణం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వానికి వచ్చే ఆదాయమంతా రాష్ట్ర సంచిత నిధిలో చేరుతుంది. శాసనసభ ఆమోదం లేకుండా అందులోంచి ఒక్క రూపాయి కూడా బయటికి తీయడానికి లేదు. ఫ్యాక్టరీలు కట్టే ఫీజు ఖజానాలో 0230 అనే ఆదాయ పద్దు కింద జమ అవుతుంది. బాయిలర్ల తనిఖీ ఫీజుకూ అక్కడే వేరే ఉపపద్దు ఉంది. కార్మిక శాఖల ఖర్చు వేరే పద్దు, 2230. పని పరిస్థితులు, భద్రత అన్న ఉపపద్దు దాని కిందే ఉంటుంది. బడ్జెట్‌లో శాసనసభ మంజూరు చేసిన సొమ్మే అందులోకి వస్తుంది. రెండు పద్దుల మధ్య నేరుగా లంకె లేదు. మీ కంపెనీ ఈ ఏడాది ఫీజు ఎగ్గొట్టినా ఇన్‌స్పెక్టర్ జీతం ఆగదు, రెట్టింపు కట్టినా పెరగదు. ఆ జీతం ప్రజల సొమ్ము. మీరు కొన్న సబ్బు మీద, బైక్‌లో పోయించిన పెట్రోలు మీద కట్టిన పన్ను కూడా అందులో ఉంది.

చట్టం ఇంకో జాగ్రత్త కూడా తీసుకుంది. ఫ్యాక్టరీలో గానీ దాని వ్యాపారంలో గానీ నేరుగా లేదా పరోక్షంగా స్వప్రయోజనం ఉన్నవారెవరినీ ఇన్‌స్పెక్టర్‌గా నియమించకూడదని 1948 చట్టం 8వ సెక్షన్ చెప్పింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 81వ ఒడంబడికను మన దేశం 1949లోనే ఆమోదించింది. తనిఖీ చేసేవారు ప్రభుత్వ ఉద్యోగులై ఉండాలి, బయటి ఒత్తిళ్లకు లొంగని ఉద్యోగ భద్రత వారికి ఉండాలి, తనిఖీ చేసే సంస్థల్లో వారికి ఏ ప్రయోజనమూ ఉండకూడదు అని దాని సారం. మీకు పనికొచ్చే అంశం కూడా అందులో ఒకటుంది. ఫిర్యాదు ఎవరు చేశారో ఇన్‌స్పెక్టర్ యాజమాన్యానికి చెప్పకూడదు. మన ఫ్యాక్టరీల చట్టంలోనూ 1987 సవరణతో 118ఏ సెక్షన్‌గా ఈ నియమం చేరింది. ఫిర్యాదులో ‘నా పేరు గోప్యంగా ఉంచండి’ అని ఒక వాక్యం తప్పకుండా రాయండి.

అధికారులందరూ ఇలాగే నడుచుకుంటారని నేను హామీ ఇవ్వలేను. కానీ ఫీజు కట్టింది కాబట్టి కంపెనీకి అధికారి మీద హక్కు వచ్చిందనుకోవడం పొరపాటు. డ్రైవింగ్ లైసెన్స్‌కు ఫీజు కట్టినవాడు సిగ్నల్ దాటితే పోలీసు వదిలేయాలా? ఇదీ అంతే.

ఈ ఫీజు గురించే పలాస, కాశీబుగ్గ జీడిపప్పు యూనిట్ల యజమానులు వేరే రకంగా అడుగుతుంటారు. ‘బాయిలర్‌కు ఫీజు, ఫ్యాక్టరీకి ఫీజు, ఇన్ని కడుతున్నాం, మాకేం ఒరుగుతోంది?’ అని. ఫీజుకు, పన్నుకు తేడా ఏమిటన్నది సుప్రీంకోర్టు 1954లో శిరూరు మఠం కేసులో చెప్పింది. ఫీజు అంటే ప్రత్యేక సేవకు ప్రతిఫలం అన్నది అప్పటి మాట. తర్వాత ఆ పట్టు సడలింది. సికింద్రాబాద్, హైదరాబాద్ హోటల్ యజమానుల సంఘం కేసులో 1999లో, నియంత్రణ కోసం వేసే లైసెన్స్ ఫీజుకు రూపాయికి రూపాయి సేవ చూపించనక్కర్లేదని తేల్చారు. కాబట్టి ‘సేవ లేదు, ఫీజు కట్టను’ అన్న వాదన కోర్టులో నిలబడదు. అయితే కొత్త కోడ్‌తో చిన్న యూనిట్లకు ఒక మార్పు వచ్చింది. ఇదివరకు కరెంటు వాడే చోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ, ఇప్పుడు 20 మంది ఉండాలి. కరెంటు లేని చోట 20 కాస్తా 40 అయింది. కానీ 10 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న సంస్థకు కోడ్ వర్తిస్తూనే ఉంటుంది. 15 మంది ఆడవాళ్లు జీడి పిక్కలు ఒలిచే షెడ్డు ‘ఫ్యాక్టరీ’ కాకపోయినా, జీడి నూనెకు చేతులు కాలకుండా తొడుగులు ఇవ్వడం యజమాని బాధ్యతే, అదీ ఉచితంగా.

భద్రతా తనిఖీల ఖర్చు ఎవరు భరించాలన్న దానిపై నా అభిప్రాయం కూడా చెబుతాను. హార్స్‌పవర్, తలల లెక్క మీద ఫీజు వేస్తే జాగ్రత్తగా నడిపే ఫ్యాక్టరీ, ప్రాణాలతో ఆడుకునే ఫ్యాక్టరీ ఒకటే కడతాయి. బ్రిటన్‌లో 2012 అక్టోబర్ నుంచి వేరే పద్ధతి నడుస్తోంది. తనిఖీలో తీవ్రమైన ఉల్లంఘన బయటపడితేనే, అధికారి దానిపై వెచ్చించిన సమయానికి గంటల చొప్పున కంపెనీ చెల్లించాలి. మొదట గంటకు 124 పౌండ్లు పెట్టారు. అక్కడ వచ్చిన చిక్కు కూడా చూడాలి. ఆ డబ్బు తనిఖీ సంస్థకే చేరుతుంది, బిల్లుపై అభ్యంతరం చెబితే విచారించేదీ ఆ సంస్థే. దీన్ని ఒక కంపెనీ కోర్టులో సవాలు చేశాక 2017లో అభ్యంతరాలు వినడానికి స్వతంత్ర ప్యానెల్ పెట్టారు. తప్పు చేసినవాడు ఖర్చు భరించాలన్నది నాకు నచ్చింది. కానీ అధికారి రాసిన బిల్లు సొమ్ము ఆయన ఆఫీసుకే చేరే ఏర్పాటు మన దగ్గర వద్దు. తనిఖీకి డబ్బు బడ్జెట్‌లోంచే రావాలి, ఇప్పటికంటే ఎక్కువ రావాలి. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఒక ఫార్మా ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. మన ఉత్తరాంధ్రలో ఫార్మా, కెమికల్ యూనిట్లు పెరుగుతున్నంత వేగంగా తనిఖీ సిబ్బంది పెరగాలని అడగడం కార్మికులకే కాదు, చుట్టుపక్కల ఊళ్లకూ అవసరం.

సరే, మీరు చేయాల్సిన పని. ఇవి రెండు వేర్వేరు ఫిర్యాదులు, రెండింటినీ ఒక్క కాగితంలో కలపకండి.

డబ్బు కోసం వేతనాల కోడ్ 45వ సెక్షన్ కింద క్లెయిమ్ వేయాలి. దీన్ని విచారించే అధికారి ఎవరన్నది శ్రీకాకుళంలోని కార్మిక శాఖ కార్యాలయంలో చెబుతారు. 180 మందీ కలిసి ఒకే దరఖాస్తు వేయవచ్చు, యూనియన్ ద్వారా కూడా వేయవచ్చు. కలిసి వేయమనే నా సలహా, అప్పుడు ఒక్కరి మీద కక్ష కట్టడం కష్టం. కోత సొమ్ము తిరిగి ఇవ్వమనడమే కాకుండా, దానికి పది రెట్ల వరకు పరిహారం ఇవ్వమని ఆదేశించే అధికారం ఆయనకు ఉంది. మీ ఒక్కరి కోత పద్నాలుగు నెలలకు 4,900 రూపాయలు. పది రెట్లన్నది గరిష్ఠం, ఎంత అన్నది ఆయన నిర్ణయం. మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. తక్కువ జీతం ఇచ్చారని క్లెయిమ్ పడినప్పుడు, సరిగ్గానే ఇచ్చామని రుజువు చేసుకోవాల్సింది యజమానే.

గడువు మూడేళ్లు. అయినా ఆగకండి. 2025 నవంబర్ 21కి ముందు జరిగిన కోతలకు 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టమే వర్తిస్తుందని, దాని కింద గడువు ఏడాదే అని అవతలి లాయరు వాదించవచ్చు. ఈ వాదనకు అవకాశం ఇవ్వకుండా ఈ నెలలోనే వేయండి.

కాంట్రాక్టర్ చేతులెత్తేస్తే? 43వ సెక్షన్ ప్రకారం అతను చెల్లించకపోతే మీరు పనిచేసే సంస్థ యజమానే చెల్లించాలి. అందుకే దరఖాస్తులో కాంట్రాక్టర్‌తో పాటు కంపెనీని కూడా ప్రతివాదిగా చేర్చండి. చాలా కేసుల్లో ఇదొక్కటి మరిచిపోయి తర్వాత అవస్థ పడతారు.

రెండో ఫిర్యాదు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కు. కొత్త కోడ్‌లో ఆయన పేరు ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్. భద్రతా సామగ్రికి, వైద్య పరీక్షకు కార్మికుల నుంచి వసూలు చేస్తున్నారని, ఇది కోడ్ 6వ సెక్షన్‌కు విరుద్ధమని రాయండి. వేరే శిక్ష చెప్పని ఉల్లంఘనలకు కోడ్ కింద 2 లక్షల నుంచి 3 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది. ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి, లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. నెల దాటినా కదలిక లేకపోతే, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే కాపీ ఇచ్చి అర్జీ నంబరు తీసుకోండి. నంబరు పడితే ఆ కాగితానికి జవాబు రాయక తప్పదు.

పని పోతుందన్న టెన్షన్ మీ ఉత్తరం నిండా కనబడుతోంది. అది అర్థం చేసుకోదగ్గదే. ఫిర్యాదు చేసినందుకు కక్షగట్టి పనిలోంచి తీసేయడం అన్యాయమైన కార్మిక విధానం కిందికి వస్తుంది, దానికి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో వేరే జరిమానా ఉంది. అయితే కాంట్రాక్ట్ కార్మికుడి విషయంలో ‘తీసేయలేదు, కాంట్రాక్ట్ అయిపోయింది’ అంటారు. అందుకే ఫిర్యాదుకు ముందే కాగితాలు పోగేయాలి. పద్నాలుగు నెలల జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్, గేట్ పాస్, ఈఎస్ఐ కార్డు, నోటీసు బోర్డు మీద ఈ చార్జీల గురించి ఏమైనా పెట్టి ఉంటే దాని ఫొటో. స్లిప్పు ఇవ్వకపోతే, చేతికి రావలసిన జీతం ఎంత, బ్యాంకులో పడింది ఎంత అన్న తేడా నెలవారీగా ఒక పుస్తకంలో రాసి, నలుగురు తోటి కార్మికుల సంతకాలు పెట్టించండి.

లాయరు ఫీజు గురించి దిగులు వద్దు. న్యాయ సేవల అధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షన్ ప్రకారం పారిశ్రామిక కార్మికుడికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. శ్రీకాకుళం జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయంలో ఆధార్, గేట్ పాస్ కాపీలతో దరఖాస్తు ఇవ్వండి, 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. స్లిప్పులన్నీ రెండు సెట్లు జిరాక్స్ తీయించుకుని వెళ్లండి, ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకండి.